తీసేసిన నిమిషాలు

మా ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, రాళ్ళగుట్టల మధ్య నుంచి పైకెక్కే రోడ్డులో, మూడో అంతస్తు. వారంలో రెండు రోజులైనా కింద ఒక క్యారవాన్ ఆగి ఉంటుంది. జనరేటర్ బండి గుర్రుమంటూ ఉంటుంది. పక్కింటి మేడ మీద ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని ఏడోసారి చెంపదెబ్బ కొడుతూ ఉంటారు. పదమూడో ఎక్కం చెప్పాల్సిన మా అబ్బాయి కిటికీ పక్కన కూర్చుని ఆ దెబ్బలు లెక్కపెడుతూ ఉంటాడు. "అమ్మా, ఆరోది బావుంది కదా, ఆ అంకుల్ ఎందుకు ఒప్పుకోవట్లేదు?" అంటాడు. ఇలాంటి చోట కూర్చుని ఇద్దరు పిల్లలకి ఇంట్లోనే చదువు చెబుతానని బయలుదేరిన మనిషిని నేను.

నేనూ సినిమాల్లోనే పనిచేశాను. అసిస్టెంట్ డైరెక్టర్ని, కంటిన్యుటీ చూసేదాన్ని. పొద్దున హీరో చొక్కాకి పై బొత్తాం ఊడి ఉంటే, మధ్యాహ్నం భోజనమయ్యాక కూడా అదే బొత్తాం ఊడి ఉండాలి. అది చూసుకోవడమే నా పని. మా ఆయన ఎడిటర్. తీసినదాంట్లో అక్కర్లేనిది కత్తిరించడం ఆయన పని. ఒకరేమో ఏదీ మారకుండా చూసేవాళ్ళు, ఇంకొకరేమో ఆగితే భరించలేనివాళ్ళు. పిల్లల్ని పెంచడానికి ఈ రెండు విద్యలూ బొత్తిగా పనికిరావని మాకు చాలాకాలం తెలియలేదు.

అసలు బడి మానిపించింది మా అమ్మాయి కోసం. అప్పుడు దానికి ఏడేళ్ళు, రెండో తరగతి. రోజూ పొద్దున ఏడున్నరకి కడుపునొప్పి వచ్చేది. ఆదివారం మాత్రం ఆ కడుపు భేషుగ్గా ఉండేది, నాలుగు ఇడ్లీలు తినేది. డాక్టరు రెండుసార్లు నులిపురుగుల మందు రాశాడు. పురుగు కడుపులో లేదని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. క్లాసులో వరసగా అందరిచేతా పైకి చదివిస్తారట. దీని వంతు వచ్చేసరికి ఇది ఒక మాట దగ్గర ఆగుతుంది. ఆగీ ఆగకముందే పక్కబెంచీ పిల్లలు ఆ మాట అందించేస్తారు. వాళ్ళు మంచికే చేశారు పాపం. కానీ ఇది అసలు నోరు తెరవడమే మానేసింది. సంవత్సరం చివరికి వచ్చేసరికి ఒత్తులున్న మాట ఏదీ చదవలేకపోయేది.

ఒక ఏడాది ఇంట్లో ఉంచి నేనే చెబుతానన్నాను. ఆరో తరగతికి వెళ్ళాల్సిన మా అబ్బాయి, చెల్లి ఇంట్లో ఉంటే తనొక్కడే బడికి పోవడం అన్యాయమన్నాడు. వాడికి న్యాయం అన్యాయం అప్పుడప్పుడూ బాగానే తెలుస్తాయి. మా ఆయన రెండు రోజులు ఆలోచించారు. మూడోరోజు టిఫిన్ దగ్గర తేల్చారు. ఆయనది సిద్దిపేట వైపు. మాట తక్కువ, అన్నారంటే అన్నట్టే.

"సరే, ఒక్క ఏడాది. కానీ వచ్చే మే నెలాఖరు వరకు బిడ్డ ఒక పేజీ తనంతట తాను చదవాలె. నువ్వు అందియ్యొద్దు. ఏ పుస్తకమైనా పర్వాలేదు. లేకుంటే జూన్‌ల మళ్ల బడికే."

నేను సరేనన్నాను. ఫ్రిజ్ తలుపు వెనక నిలబడి నీళ్ళు తాగుతున్న మా అమ్మాయి కూడా ఆ మాట విన్నదని మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. అన్నం కలుపుతుంటే మెల్లగా అడిగింది, "మళ్ళీ అదే బడికా అమ్మా?" అని. "అంత అవసరం రాదులే" అన్నాను. ఆ రోజు నుంచీ మే నెల అంటే దానికి మామిడిపళ్ళ నెల కాకుండా పోయింది.

నేనేం చేశానో చెబితే నవ్వుతారు. షూటింగ్ ముందురోజు యూనిట్ అంతటికీ ఒక కాగితం పంపుతాం. ఎన్నింటికి రావాలి, ఎక్కడికి రావాలి, ఏ సీన్లు, ఎవరెవరు, ఏయే వస్తువులు అన్నీ అందులో ఉంటాయి. అచ్చం అలాంటిదే మా డైనింగ్ టేబుల్‌కి తయారుచేశాను. కాల్ టైమ్ ఏడు గంటలు. ఆర్టిస్టులు ఇద్దరు. వస్తువులు: చెక్కిన పెన్సిళ్ళు నాలుగు, రబ్బరు, పూసల చట్రం. రోజుకి ఎనిమిది సీన్లు. దాన్ని లామినేషన్ కూడా చేయించాను. ఇల్లలకగానే పండగ కాదని మా వాళ్ళు ఊరికే అనలేదు.

మొదటిరోజు ఏడు గంటలకి ఒక ఆర్టిస్టు బాత్‌రూమ్‌లో ఉన్నాడు, రెండో ఆర్టిస్టు నిద్రలో ఉంది. పదీ నలభైకి మొదటి సీను మొదలైంది. పదకొండింటికి మా అబ్బాయి లేచి నిలబడి "పేకప్" అన్నాడు. రెండోరోజు నాలుగు సీన్లు మిగిలిపోయాయి, వాటిని మూడోరోజుకి తోశాను. మూడోరోజుకి పన్నెండు సీన్లయ్యాయి. షూటింగ్‌లో ఎనిమిది సీన్లు వేసుకుంటే అయిదు అవుతాయని, ఆ అయిదూ అయితే అందరం స్వీట్లు తింటామని పదేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. హీరోలకి ఇచ్చిన వెసులుబాటు కన్నపిల్లలకి ఇవ్వలేకపోయాను. బుధవారానికి నా గొంతు పోయింది. అబ్బాయి అలిగాడు. అమ్మాయి కడుపు పట్టుకుని కూర్చుంది. బడిని నేను ఇంటికే మోసుకొచ్చానన్నమాట.

మూడో వారంలో మా అమ్మ వచ్చింది. వెంగళరావు నగర్‌లో ఉంటుంది, ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. మాది తెనాలి వైపు, ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళయినా అమ్మ మాట ఇంకా అక్కడిదే. ఆటో దిగి, గోంగూర పచ్చడి సీసా బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని నా లామినేషన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెవరి కోసమే?"

"పిల్లల కోసమే అమ్మా."

"కాదులే. నువ్వు పని చేస్తున్నావని నీకు నువ్వు చూపించుకోవడానికి." తర్వాత తనే కూర్చోబెట్టి చెప్పింది. "ముప్ఫై ఏళ్ళు చెప్పాను నేను. పీరియడ్ అంటే నలభై అయిదు నిమిషాలని పేరే గానీ, హాజరు తియ్యడం, అరుచుకోవడం, బోర్డు తుడవడం పోగా ఒక్కో పిల్లకి నా దగ్గర్నుంచి అందేది ఒక ముద్ద. నువ్వు నలభైమందికి వండి ఇద్దరికే కూరుతున్నావు. ఎక్కడ పడుతుందే వాళ్ళకి? రోజుకి మూడు చాలు. కాస్త చదవడం, కాస్త లెక్క, చేత్తో చేసేది ఏదో ఒకటి. అవయ్యాక వదిలెయ్యి. మిగిలిపోయింది మర్నాటికి మొయ్యకు."

"మూడే అయితే సిలబస్ ఎప్పటికవుతుందమ్మా?"

"నీకు ఎప్పుడైందే?" అంది అమ్మ.

అప్పటినుంచి మా ఇల్లు మూడు ప్లాస్టిక్ బుట్టల మీద నడిచింది. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా సర్దుకుంటాను. పొద్దున ఒక్కో బుట్టలో ఒక్కటే ఉంటుంది. అవి ఖాళీ అయితే ఆ రోజు చదువు అయిపోయినట్టే, పది గంటలకైనా సరే. ఖాళీ కాకపోతే సాయంత్రం నేనే చప్పుడు చెయ్యకుండా తీసి లోపల పెట్టేస్తాను. మొదట్లో ప్రాణం విలవిల్లాడేది. తర్వాత అలవాటైంది. రోజుకి మూడంటే తక్కువేమీ కాదు, మూడూ నిజంగా అయితే.

అలా అనుకున్నాక రోజులు హాయిగా వెళ్ళాయి. లెక్కలకి గురువారాలు ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్ళేవాళ్ళం. మా అబ్బాయి వంకాయలు చేత్తో పట్టుకుని బరువు చెప్పేవాడు, కాటా మీద పెట్టి చూసుకునేవాడు. డిసెంబరు నాటికి కూరగాయల ఆమె, "గీ పిలగాడు ఉంటే నాకు కాటా ఎందుకు" అనేది. అమ్మాయికి చదువు వీధిలోనే దొరికింది. సాయంత్రం వాలు రోడ్డు దిగుతూ బోర్డులు చదివేది. బస్సు మీది బోర్డులు వద్దంది, అవి ఆగవు కాబట్టి. సినిమా పోస్టర్లూ వద్దంది, వాటి మీద అక్షరాలకి రక్తం కారుతూ ఉంటుంది, ఏది కొమ్మో ఏది రక్తమో తెలియదు. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' దానికి బాగా నచ్చిన బోర్డు. ఆ 'ఇవ్వబడును' దగ్గర మేము రోజూ చాలాసేపు నిలబడేవాళ్ళం. ఆ ఇంటి వాచ్‌మన్ మాకు ఇల్లు కావాలేమో అనుకుని రెండుసార్లు తాళాలు తెచ్చాడు.

ఇంత హాయిగా సాగుతుంటే చేజేతులా పాడుచేసింది నేనే.

మా ఆయన పది గంటలకి వెళితే, పిల్లలు పడుకున్నాకే ఇంటికొస్తారు. విడుదల దగ్గరపడితే ఆదివారాలు కూడా ఉండవు. అందుకని ప్రతి శనివారం అమ్మాయి చదువుతుంటే ఫోన్‌లో తీసి ఆయనకి పంపేదాన్ని. మొదటి వీడియోలో అది చదివింది రెండు వాక్యాలు, పట్టింది నాలుగు నిమిషాలు. నడుమ ఎంతెంతసేపో ఆగింది. నాకది కొండెక్కినంత సంబరం. ఆయన దగ్గర్నుంచి "ఓకే" అని వచ్చింది. అంతే, ఇంకేమీ లేదు. ఆ రెండక్షరాలు నాలో ఎంత మంట పెట్టాయంటే, అవి గనక మా అమ్మాయి చదవాల్సి వస్తే చదవనిచ్చేదాన్ని కాదు.

తర్వాతి శనివారం పంపేముందు మధ్యలో ఆగినవి రెండు తీసేశాను. ఊరికే, కాస్త చక్కగా కనిపిస్తుందని. "అరె, మంచిగ చదివింది కదా" అని వచ్చింది ఆయన దగ్గర్నుంచి, పక్కన మూడు పువ్వుల బొమ్మలు కూడా. ఆ పువ్వులకి నేను పడిపోయాను. ఆ పై వారం అయిదు తీశాను. ఆ పై వారం లెక్కపెట్టుకోలేదు. తాతకు దగ్గులు నేర్పినట్టు ఎడిటర్‌కే ఎడిటింగ్ చేసి పంపడం మొదలుపెట్టాను. అతుకు కనబడకుండా ఫ్యాను ఆపేసేదాన్ని, లేకపోతే జుట్టు ఎగిరి దొరికిపోతాం. బల్ల మీద పాలగ్లాసు ఉంచేదాన్ని కాదు, అందులో పాలు తగ్గుతాయి కాబట్టి. అతికిన చోట పేజీ మీద జరిగే వేలిని ఒక షాట్ తీసి వేసేదాన్ని. పదేళ్ళు నేర్చుకున్న విద్యంతా పెట్టాను. అంత శ్రద్ధగా నేను ఏ పెద్ద హీరోకీ పనిచేయలేదు.

మా ఆయన సంగతి మీకు తెలియదు. ఆయనతో థియేటర్‌కి వెళ్ళకూడదు. పాట మధ్యలో "గాడ రెండు ఫ్రేములు జంపైనయ్, చూసినవా?" అని చెవిలో చెబుతారు. ముందు వరసవాళ్ళు తిరిగి చూస్తారు. అలాంటి మనిషికి సొంత కూతురి వీడియోలో ఒక్కో నిమిషానికి ఆరు అతుకులుంటే కనబడలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ ముద్దులో కాకికి చూపు ఆనదని ఎవరూ చెప్పలేదు.

ఆయన ఆ వీడియోలు ఆఫీసులో అందరికీ చూపించారు. సిద్దిపేటలో వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మనుమరాలు గడగడా చదువుతున్నదని చెప్పారు. అరచేతిలో వైకుంఠం చూపించడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నాకు లోపల బెరుకుగానే ఉండేది. అయినా మే దాకా టైముంది కదా, అప్పటికి వీడియోలో ఉన్నట్టే చదివేస్తుంది కదా అని సర్ది చెప్పుకునేదాన్ని. రోజుకి మూడు చాలన్న అమ్మ మాట పట్టుకున్నదాన్ని, శనివారం వచ్చేసరికి ముప్ఫై కావాలనేదాన్ని.

మార్చిలో ఒక శుక్రవారం పొద్దున, ఆఫీసుకి వెళ్ళబోతూ ఆయన అమ్మాయి చేతిలో ఒక కథల పుస్తకం పెట్టారు. లావు పుస్తకం. బొమ్మలు తక్కువ.

"ఇంక మే దాక ఎందుకు బిడ్డా? ఈ ఆదివారం నాకు పని లేదు. నా ముందల కూసొని ఒక పేజీ చదువు. అయిపోయింది, ఇంక బడి ముచ్చటే తియ్య."

అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. బడికి పోయే రోజుల్లో టీచర్ని చూసి అలాగే నవ్వేది.

శనివారం బట్టలు ఉతకడానికి వాషింగ్ మెషీన్ తలుపు తెరిస్తే, దుప్పటి మడతల మధ్య ఆ పుస్తకం కనబడింది. కొత్తది, తువ్వాల్లో చుట్టి ఉంది. పిలిస్తే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అబద్ధం చెప్పలేదు, ఒకటే అడిగింది. "ఉతికితే అక్షరాలు పోతాయా అమ్మా?"

"ఎందుకు పెట్టావే ఇందులో?"

"నాన్న ఆ వీడియోలో పాపని చదవమంటున్నారు. నాకు ఆ పాపలాగా రాదు. రేపు నేను చదివితే నాన్నకి తెలిసిపోతుంది. మళ్ళీ బడికి పంపించేస్తారు."

నా కూతురు నా ఎదురుగా నిలబడి, ఫోన్‌లో ఉన్నది వేరే పాప అంటోంది. ఆ పాపని తయారుచేసింది నేను. బడిలో పక్కబెంచీ పిల్లలు దాని మాట లాక్కున్నారని బాధపడినదాన్ని, వాళ్ళకన్నా ఎక్కువే లాక్కున్నాను, అదీ రహస్యంగా. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు. దాన్ని దగ్గరకి తీసుకుని ఏడ్చేశాను. అది నా వీపు మీద తడుతూ "పుస్తకం తడవలేదులే అమ్మా" అంది.

ఆదివారం పొద్దున దోసెలు వేస్తూ చెప్పేశాను. రెండో దోసె ఆయన పళ్ళెంలో పడ్డాక చెప్పాను, మొదటిదైనా ప్రశాంతంగా తింటారని. ఆయన చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది.

"ఎన్నిట్ల చేసినవ్?"

"మొదటిది తప్ప అన్నీ."

"నాకే కట్ చేసి చూపెట్టినవా?"

"మీకే."

అప్పుడు కోపం వచ్చింది ఆయనకి. అరవలేదు, ఆయన అరవరు, అదే ఇంకా భయం. "అంటే బిడ్డ చదువుతలేదు, నువ్వు చదివిపిస్తున్నవ్. గిట్లయితే బడే నయం. ఆడ కనీసం ఉన్నది ఉన్నట్టు చెప్తరు. జూన్‌ల పంపిద్దాం."

నాకూ రోషం వచ్చింది. తప్పు నాదే, కానీ తప్పు చేసినవాళ్ళకే రోషం ఎక్కువ. "నాలుగు నిమిషాలు కష్టపడి చదివితే 'ఓకే' అని పంపారు మీరు. ఓకే అట. షాట్ ఓకే అన్నట్టు. దాన్ని చూడటానికి మీకు ఓపిక ఉంటే నేను కత్తెర పట్టుకునేదాన్నా?" అన్నాను. నా గొంతు బాగానే లేచినట్టుంది. బాల్కనీలోంచి మా అబ్బాయి తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, నాన్నా, కింద షూటింగ్ వాళ్ళు సైలెన్స్ అంటున్నారు. మీది అయ్యాక మొదలుపెడతారట."

కిందికి చూస్తే నిజంగానే ఇద్దరు కుర్రాళ్ళు మా బాల్కనీ వైపు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. అందులో ఒకతనికి మా ఆయన తెలుసు, సిగ్గుపడుతూ నమస్కారం పెట్టాడు. ఆయన తిరిగి నమస్కారం పెట్టారు. లోపలికొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు ముందు నవ్వు వచ్చింది, ఆయనకి కాస్త ఆలస్యంగా.

దోసె పూర్తిచేసి చెయ్యి కడుక్కుని అడిగారు. "తీసేసినయ్ ఉన్నయా?"

"అన్నీ ఉన్నాయి. నేను ఏదీ పారేయను కదా."

"పెట్టు."

ఫోన్‌ని టీవీకి కలిపి, తీసింది తీసినట్టు, మొదటి వారం నుంచి పెట్టాను. పిల్లలిద్దరూ సోఫా మీదికి ఎక్కారు. అబ్బాయి పది నిమిషాలకే విసుగొచ్చి లేచిపోయాడు. అమ్మాయి కదల్లేదు. జూలైది, సెప్టెంబరుది, డిసెంబరుది చూశాం. తెర మీద ఎంతోసేపు ఏమీ జరగదు. ఒక పిల్ల పేజీ ముందు కూర్చుని ఉంటుంది, అంతే. ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశారు. పనిలో ఉన్నప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకుంటారు, అలాగే కూర్చున్నారు.

"జర ఇటు చూడు" అన్నారు నాతో. "మొదట్ల ఆగినప్పుడల్లా నీ మొహం దిక్కు చూసింది. నువ్వు చెప్తవేమో అని. ఇది సెప్టెంబర్, ఒకసారి నిన్ను చూసింది, ఒకసారి పేజీని చూసింది. ఇగ ఇది పోయిన వారంది. తల ఎత్తనే లేదు. ఎంతసేపు ఆగినా పేజీ మీదనే ఉన్నది."

ఎనిమిది నెలలు దాని ఎదురుగా కూర్చున్నది నేను. బొత్తాలూ పాలగ్లాసులూ చూసే నాకు ఇది కనబడలేదు. కత్తిరించి పక్కన పెట్టినదాంట్లోనే ఉంది కాబట్టి.

అప్పుడు అమ్మాయి కల్పించుకుంది. నా మీద ఫిర్యాదులా కాదు, తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు చెప్పింది. "అమ్మ తీసేసిందే నేను చదివేది నాన్నా. అమ్మ ఉంచింది చదివేశాక పైకి చెప్పేది."

సినిమాల్లో ఇన్నేళ్ళు ఉండి, పని ఎక్కడ జరుగుతుందో చివరికి ఒక చిన్నపిల్ల చెబితే విన్నాం. ఆయన దాన్ని ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. అది ఆయన చొక్కా కాలరు సర్దుతూ అడిగింది, "నేను మెల్లగా చదువుతా. బడికి పంపించేస్తారా?"

"పేజీ చదవాలె అన్న. ఎంతసేపట్ల అని అన్ననా?" అన్నారు ఆయన. "ఎప్పుడు చదవాలనిపిస్తే అప్పుడు చదువు బిడ్డా. పొద్దుగూకినా నేను ఈడనే కూసుంటా."

అది దిగి లోపలికి వెళ్ళి తువ్వాల్లోంచి ఆ పుస్తకం తెచ్చింది. మధ్యలో ఎక్కడో తెరిచింది. అడవిలో దారి తప్పిన ఒక ఏనుగు కథ. మొదటి వాక్యం రెండు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూశాను, అలవాటు ఎక్కడికి పోతుంది. ఆ తర్వాత చూడలేదు. జీవితమంతా ఆగినచోటల్లా కత్తిరించిన మా ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్ టీవీ పక్కనే ఉంది, ఎవరూ వీడియో తీయలేదు. అబ్బాయి కూడా వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

ఏనుగు ఏదో గుట్ట ఎక్కింది, దిగింది. సగం పేజీ దాటింది. ఆ వాక్యం మధ్యలో 'నిశ్శబ్దంగా' అన్న మాట ఉంది. శ కింద ఒక ఒత్తు, బ కింద ఇంకో ఒత్తు. నేను ఇటునుంచి తలకిందులుగా చూస్తున్నా నాకు కనిపిస్తోంది. అమ్మాయి అక్కడ ఆగింది. వేలు ఆ మాట మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చాలాసేపైంది. ఇంకా చాలాసేపైంది. ఒక్క అక్షరం అందిస్తే పోలా అనిపించింది, నోరు తెరిచేశాను.

అది తల ఎత్తలేదు.

"చెప్పకమ్మా" అంది. "వస్తోంది."